పంతొమ్మిది సెకన్లు

బ్రెడ్డు ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు పొద్దున్నే ఒక వీడియో చూపిస్తారు. నిమిషం కూడా ఉండదు. పిండి కలిపే పెద్ద మిషన్ దగ్గరికి ఒక మనిషి వస్తాడు, వంగుతాడు, లోపల చెయ్యి పెడతాడు, కెవ్వుమని వెనక్కి పడతాడు. కెవ్వుమన్నది వినపడదు, నోరు తెరవడం కనిపిస్తుంది అంతే. వినపడేది వయొలిన్, ఎవరింట్లోనో పీనుగ లేస్తున్నట్టు. కింద ఎర్ర పట్టీ మీద తెల్ల అక్షరాలు: "అజాగ్రత్త ఫలితం ఇదే!" ఆ వంగిన మనిషి టైలరమ్మ తమ్ముడు. పోయినవి కుడిచేతి వేళ్ళు రెండు.

వేళ్ళు పోయినందుకు టైలరమ్మ ఏడ్చింది. ఆ మాటకొస్తే వీధి వీధంతా ఏడ్చింది. ఆవిడ కడుపు మండింది మాత్రం ఆ వీడియో చూశాక తమ్ముడన్న మాటకి. అంతకుముందు నెల్లాళ్ళూ వాడిది ఒకటే పాట. "ఏప్రన్ విప్పి స్విచ్ బాక్సుకి తగిలించానక్కా. తగిలించాకే చెయ్యి పెట్టాను." ఆ ఫ్యాక్టరీలో పద్ధతి అది. ఎవరూ రాసిపెట్టింది కాదు, పనివాళ్ళు పెట్టుకున్నది. మిషన్ లోపల శుభ్రం చేసేవాడు తన ఏప్రన్ విప్పి స్విచ్ బాక్సుకి తగిలిస్తాడు. అది అక్కడ వేలాడుతున్నంతసేపూ, పిండి పులిసి గోడలెక్కుతున్నా సరే, ఆ స్విచ్ జోలికి ఎవరూ పోరు. చేతికి కట్టుతోనే వాణ్ణి ఆఫీసుకి పిలిపించి గోడ మీది టీవీలో వీడియో వేశారు. స్విచ్ బాక్సు బోసిగా ఉంది. వాడు ఇంటికొచ్చి మంచం పట్టెమీద కూర్చుని, "తగిలించలేదేమోనక్కా. నాకే సరిగ్గా గుర్తులేదేమో" అన్నాడు.

అదిగో, అప్పుడెక్కింది ఆవిడకి అరికాలి మంట నెత్తికి. వేళ్ళంటే మిషన్ తినేసింది, దానికి బుద్ధిలేదు. మనిషి తన కళ్ళతో చూసుకున్నదాన్ని కూడా లాక్కునేవాళ్ళని ఏమనాలి? శనివారం యజమాని ముందు వాడు కాగితం మీద సంతకం పెట్టాలట. "తప్పు పూర్తిగా నాదే" అని. కుడిచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది కాబట్టి ఎడమచేత్తో పెట్టినా పరవాలేదని మేనేజరు పెద్దమనసు చేసుకుని చెప్పాడు. ఆ మేనేజర్ని పనివాళ్ళు చాటుగా ఇకిలింపు అంటారు. పళ్ళు లోపల పెట్టుకునే అలవాటు ఆయనకి పుట్టుకతోనే లేదు. వీడియో ఆలోచన, వయొలిన్ ఆలోచన, రెండూ ఆయనవే.

టైలరమ్మ బట్టల షాపులో ఆల్టరేషన్ పని చేస్తుంది. పొట్ట పెరిగినవాళ్ళకి వదులు చెయ్యడం, తగ్గినవాళ్ళకి బిగించడం. వీడియోల సంగతి ఆవిడకి ఏమీ తెలీదు. అయినా ముల్లుని ముల్లుతోనే తియ్యాలనుకుంది. ఇకిలింపు వార్షికోత్సవంలో ఇచ్చిన ఉపన్యాసం తమ్ముడి ఫోన్లో ఉంది, ఇరవై నిమిషాలు. దాన్ని ముక్కలు ముక్కలు చేసి, ఆయన నోటితోనే ఆయన్ని తిట్టించి, ఊరందరికీ పంపించాలి. ఆవిడ పథకం అంతే. సోమవారం మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపు పైన, మొదటి అంతస్తులో, "వీడియో ఎడిటింగ్ నేర్పబడును" అన్న బోర్డు కింద నిలబడి తలుపు కొట్టింది.

గదిలో కంప్యూటర్లు రెండు, కుర్చీలు మూడు. కిటికీలకి నల్ల కర్టెన్లు. ఎడిటరు మాస్టారు సన్నగా, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడుతో ఉన్నాడు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, షాపుల ప్రకటనలు ఆయన పని.

"ఏం నేర్చుకుంటారమ్మా?"

"కొయ్యడం."

"అతకడం వద్దా?"

"అది మా వృత్తేనండీ. వస్తుంది."

మాస్టారు నవ్వి ఆవిణ్ణి చిన్న కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. మరదలి పాత ల్యాప్‌టాప్ తెచ్చుకుంది కాబట్టి, ఇంటి దగ్గర సాధన కోసం అందులో కూడా సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. స్క్రీన్ కింద పొడుగాటి పట్టీలు. పైది బొమ్మ, కిందది శబ్దం. బ్లేడు గుర్తు నొక్కి, కావలసినచోట పెట్టి, ఒక్క క్లిక్. ముక్క రెండవుతుంది. పాతికేళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి ఆ క్లిక్ నొక్కడానికి వెనకాడింది. ఎక్కడైనా తప్పు కోస్తే?

"ఇక్కడ ఎంత కోసినా ఏమీ తెగదమ్మా" అన్నాడు మాస్టారు. ఒక ముక్కలో సగం తీసిపారేసి, మిగిలినదాని అంచు పట్టుకుని మౌస్‌తో లాగాడు. పోయిందనుకున్న బొమ్మంతా మళ్ళీ బయటికొచ్చింది. "చూశారా? అంచు లోపలే ఉంటుంది. మనం దాచాం, అంతే."

"మళ్ళీ లాగండి" అంది టైలరమ్మ.

మళ్ళీ లాగాడు. పిల్లల బట్టలకి ఎదుగుతారని లోపల మడిచి వదిలే గుడ్డ గుర్తొచ్చింది ఆవిడకి. ఆ పోలికతో సగం విద్య వచ్చేసింది. మిగతా సగానికి మాత్రం తిప్పలు పడింది. ముక్క తీసేసి ఖాళీ పూడ్చడం మర్చిపోతే మధ్యలో నల్లగా వచ్చేది. శబ్దం పట్టీ ఒకసారి పక్కకి జరిగి, పెళ్ళికూతురు నోరు మూసుకున్నాక మాట్లాడింది. మంగళవారానికల్లా చేతికి దారి దొరికింది. మంగళవారమే మాస్టారు అతుకులు దాచడం చెప్పాడు.

"నరికినట్టు పక్కపక్కన పెడితే కన్ను పట్టేస్తుంది. ఇది కరుగుతూ అది రావాలి. బయటవాళ్ళు పన్నెండు ఫ్రేములు కరిగిస్తారు, మబ్బు పట్టినట్టు తెలిసిపోతుంది. నేను ఆరే పెడతాను. సెకనుకి పాతిక ఫ్రేములు, అందులో ఆరు." మోకాలి మీద వేళ్ళతో ఆరు లెక్కపెట్టి చూపించాడు. "మన చుట్టుపక్కల ఆరు పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవర్నన్నా అడగండి."

బుధవారం సాయంత్రానికి ఇకిలింపు నోట్లోంచి టైలరమ్మ కోరిన మాట వచ్చింది. ఉపన్యాసంలో "నేను పనికిమాలిన మాటలు మాట్లాడను" అన్నాడు. ఇంకెక్కడో "నేనూ మీలాంటి మనిషినే" అన్నాడు. అటు కోసి ఇటు కోసి అతికిస్తే, "నేను పనికిమాలిన మనిషినే" అని పళ్ళన్నీ బయటపెట్టి చెప్పాడు. వెంటనే చప్పట్లు. ఆ చప్పట్లు వార్షికోత్సవంలోవే. టైలరమ్మ పదిసార్లు వేసుకుని పదిసార్లు నవ్వుకుంది. తర్వాత తమ్ముడికి చూపించింది.

వాడూ నవ్వాడు. రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో వినపడ్డ మొదటి నవ్వు అది. కాని ఎక్కువసేపు నిలవలేదు.

"ఎవడు నమ్ముతాడక్కా? మాటకీ మాటకీ మధ్య తల ఎగురుతోంది. అతుకులు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఇది కోసిందని పసిపిల్లలకి కూడా తెలుస్తుంది."

ఇది కోసిందని తెలుస్తోంది. మరి అది? టైలరమ్మ ఆ మాటే పట్టుకుని కూర్చుంది. పనివాళ్ళు తమ్ముడి ఫోనుకి పంపిన ఫ్యాక్టరీ వీడియోని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, బాణం గుర్తు నొక్కుతూ ఒక్కొక్క ఫ్రేమూ నడిపింది. ఇన్నాళ్ళూ ఆవిడ చూసింది ఆ చేతినే. ఎవరైనా చెయ్యే చూస్తారు, ఆ వీడియోని అలాగే చేశారు. ఈసారి చేతి మీద ఒక కాగితం ముక్క అతికించి మిగతాదంతా చూసింది. కెమెరా ఎక్కడో పైన ఉంది, బొమ్మ బూడిద రంగు, తెల్ల చొక్కా మీద తెల్ల ఏప్రన్. అయినా నడుం వెనక నాడా ముడి ఉంది. చిన్న ముడి, రెండు కొసలు. వాడు మిషన్ దగ్గరికి వచ్చేటప్పుడు ఉంది. చెయ్యి లోపల పెట్టాక లేదు. మధ్యలో అది ఊడలేదు, జారలేదు. చక్కెర నీళ్ళలో కరిగినట్టు కరిగిపోయింది.

"ఒరేయ్, ఇలా చూడు. ఏప్రన్ ఒంటిమీద ఉంది. ఇక్కడ లేదు. ఎప్పుడు విప్పావు?"

తమ్ముడు కళ్ళు చికిలించి చూశాడు. "మసగ్గా ఉందక్కా. పిండి అంటిందేమో." తర్వాత, "నాకోసం ఎందుకింత అవస్థ? సంతకం పెట్టేస్తాను. అయిపోతుంది" అన్నాడు.

ఆవిడ వీడియోని వెనక్కి జరిపి ముడి కరగడం మొదలైనచోట ఆపింది. బాణం నొక్కుతూ లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఏడోసారికి ముడి లేదు. మోకాలి మీద ఆరు లెక్కపెట్టిన వేళ్ళు కళ్ళముందు ఆడాయి.

ఆవిడ పగకి ఇప్పుడు ఇద్దరు దొరికారు. గురువారం మామూలుగానే మెట్లెక్కింది. మాటకి ముందు మాస్టారు గారూ, మాట వెనక మాస్టారు గారూ అంది, ఆయనకి కాఫీ కూడా తెప్పించింది. లోపల మాత్రం కత్తులు నూరుతూనే ఉంది. "ఊరికే సాధన చేస్తే ఏమొస్తుందండీ, ఏదన్నా నిజం పని ఇవ్వండి" అని అడిగింది. శిష్యురాలి పనితనం చూసి ఆయన అప్పటికే మురిసిపోతున్నాడు. శుక్రవారం తన సొంత కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఎవరిదో పుట్టినరోజు వీడియో తెరిచి, కెమెరా ఊగిపోయిన ముక్కలన్నీ ఏరమన్నాడు. ఇంతలో కింద కళ్ళజోళ్ళ షాపతను కేకేశాడు. తెగిపోయిన కళ్ళజోడు తాడుకి బదులు కొత్తది వేస్తానన్నాడట, రమ్మంటున్నాడు. మాస్టారు దిగాడు.

పాత పనుల వరసలో "బేకరీ సేఫ్టీ ఫైనల్ 2" అని ఉంది. తెరిచింది. వయొలిన్ ఒక పట్టీ, ఎర్ర అక్షరాలు ఒక పట్టీ. ఎర్ర అక్షరాలు తీస్తే వాటి కింద కెమెరా గడియారం అంకెలు బయటపడ్డాయి, అతుకు దగ్గర గెంతుతూ. బొమ్మ పట్టీలో రెండు ముక్కలు, మధ్యలో ఆరు ఫ్రేములు. రెండో ముక్కని పక్కకి జరిపి, మొదటిదాని అంచు పట్టుకుని లాగింది.

వంగి లోపలికి చూసిన తమ్ముడు మళ్ళీ నిటారుగా లేచి, వీపు వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పాడు. ఏప్రన్ని దులిపాడు కూడా, వెధవకి శుభ్రం ఎక్కువ. స్విచ్ బాక్సుకి తగిలించాడు. జారకుండా ఒకసారి సర్ది చూశాడు. మళ్ళీ వంగి చెయ్యి పెట్టాడు. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది, తర్వాత భుజం, భుజానికీ చెవికీ మధ్య ఫోను, ఫోను పక్కన పళ్ళు. ఇకిలింపు ఫోన్లో నవ్వుతూనే ఏప్రన్ తీసి పిండి బస్తా మీదికి విసిరాడు. మిషన్ వైపు చూడలేదు. స్విచ్ నొక్కి వెనక్కి తిరిగాడు. కింద అంకెలు చూసుకుంది టైలరమ్మ. పంతొమ్మిది సెకన్లు.

పెన్‌డ్రైవు గుచ్చి ఆ ఫైలుని అందులోకి కాపీ చేసింది. కన్నుమూసి తెరిచేలోగా అయిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. దాచే ప్రయత్నం చెయ్యలేదు. మాస్టారు లోపలికి వచ్చి స్క్రీన్ చూసి నిలబడిపోయాడు.

"వాడు మా తమ్ముడు" అంది.

"నాకు తెలీదమ్మా."

"తెలిస్తే ఏం చేసేవారు? ఎనిమిది ఫ్రేములు పెట్టేవారా?"

ఆయన కొత్త తాడు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "ఇక్కణ్ణించి ఇక్కడికి తీసెయ్ అన్నారు. తీశాను. నేను మనుషుల్ని చూడనమ్మా, ఫ్రేముల్ని చూస్తాను."

"ఆరు లెక్కపెట్టిన కళ్ళకి ఆ చెయ్యి కనపడలేదని చెప్పండి. నమ్ముతాను."

మాస్టారు ముందుకి వంగి, పెన్‌డ్రైవులో ఏముందో ఒకసారి చూశాడు. ఆయన మొహంలో ఏదో కదిలి ఆగింది. "సరే, వెళ్ళిరండి" అన్నాడు. ఇంత తేలిగ్గా వదిలేశాడేమిటని మెట్లు దిగుతూ అనుమానపడింది టైలరమ్మ. ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచాక తీరింది ఆ అనుమానం. పట్టీలున్నాయి, కోసిన చోట్లున్నాయి, ఆరు ఫ్రేములున్నాయి. బొమ్మ ఉండాల్సినచోట మాత్రం ఎర్రగా, ఖాళీగా, "ఫైలు దొరకలేదు" అని ఉంది. ఆవిడ తెచ్చుకుంది కొలతల పుస్తకం. గుడ్డ, అంటే అసలు వీడియో, మాస్టారి కంప్యూటర్లోనే ఉండిపోయింది. పాతికేళ్ళ టైలరు చెయ్యకూడని తప్పు, ఆరోరోజు పాఠం వినకుండా పరిగెత్తుకొచ్చిన విద్యార్థి చేసే తప్పు. మళ్ళీ ఆ వీధికి వెళ్ళేసరికి మాస్టారి తలుపుకి తాళం. ఫోను ఎత్తడు.

ఇంటికొచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుంది. "నేను చూశాన్రా. తగిలించావు. సర్దావు కూడా. ఆ ఇకిలింపు వచ్చి తీసి విసిరేశాడు."

వాడు అక్క మొహంలోకి చూశాడు. "నువ్వు చెప్తే నమ్మాలనే ఉందక్కా" అన్నాడు. అంతకంటే చెంపమీద ఒకటి కొట్టినా బాగుండేది.

శనివారం పది గంటలకి ఫ్యాక్టరీ ఆఫీసు గది నిండింది. మధ్యలో యజమాని, తెల్లజుట్టు పెద్దాయన. సాక్షులుగా ఆరుగురు పనివాళ్ళు గోడ వెంబడి నిలబడ్డారు. మూల టీవీ కింద మాస్టారు ల్యాప్‌టాప్‌కి తీగ తగిలిస్తున్నాడు. అక్షరాలు ఇంకా పెద్దవి చేయించారట, పెద్దాయనకి చూపించాలట, టీవీకి కలపడం ఇకిలింపుకి రాదట. టైలరమ్మ వైపు మాస్టారు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. వయొలిన్ ఏడ్చింది, తమ్ముడు వంగాడు, నోరు తెరిచాడు, ఎర్ర అక్షరాలు వచ్చాయి. పెద్దాయన నిట్టూర్చాడు. ఇకిలింపు కాగితం జరిపి పెన్ను మూత తీసి, తమ్ముడి ఎడమచేతి పక్కన పెట్టాడు.

"చదవక్కర్లేదులే. నువ్వు చూసిందే అందులో రాశాం."

తమ్ముడు పెన్ను పట్టుకున్నాడు. పట్టుకోవడం రాక రెండుసార్లు మార్చి పట్టుకున్నాడు. టైలరమ్మ లేచింది.

"ఒక్క నిమిషం పెద్దాయనా. ఈ వీడియోలోంచి ఒక ముక్క తీసేశారు." చేతిసంచిలోంచి పెన్‌డ్రైవు తీసి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది. "నా దగ్గరుంది."

అందులో ఏమీ లేదని ఆ గదిలో ఆవిడకి తెలుసు, మాస్టారికి తెలుసు. ఆయన తలెత్తి పెన్‌డ్రైవు వైపు చూశాడు. ఒక్క మాట అంటే చాలు, ఆవిడ పరువు అక్కడే మట్టిలో కలుస్తుంది. ఆయన నోరు తెరవబోయేలోపల ఇకిలింపు గిరుక్కున ఆయనవైపే తిరిగాడు.

"ఆ ముక్క చెరిపేశానన్నావు కదయ్యా నువ్వు!"

గోడకి అవతల మిషన్లు తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తానేమన్నాడో ఇకిలింపుకి ఇంకా అందలేదు, పళ్ళు బయటే ఉన్నాయి.

"ఏ ముక్క సార్?" అన్నాడు తమ్ముడు.

వాడు పెన్ను కింద పెట్టి మళ్ళీ అడిగాడు. "ఏ ముక్క సార్?"

"అడుగుతున్నాడుగా, చెప్పు" అన్నాడు పెద్దాయన. తర్వాత టైలరమ్మ వైపు చెయ్యి చాపాడు. "ఏదీ, అదిలా ఇవ్వమ్మా."

"ఇందులో ఏమీ లేదండీ" అంది టైలరమ్మ. పెద్దాయనతో అన్నా చూపు మాత్రం ఇకిలింపు మీదే ఉంది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా వాడి చెవిలో పడేలా మళ్ళీ చెప్పింది. "ఏమీ లేదు. ఖాళీ."

అప్పుడు వెళ్ళాయి ఆ పళ్ళు లోపలికి. రెండు నెలలుగా ఆవిడ కోరుకున్న దృశ్యం అది. కడుపు నిండా చూసింది. చూసినకొద్దీ ఇంకా చూడాలనిపించింది, దానికేం సిగ్గుపడలేదు.

"చెరిపేశానని చెప్పాను. కాని చెరపలేదు" అన్నాడు మూలనుంచి మాస్టారు. "పన్నెండేళ్ళలో ఒక్క ఒరిజినల్ చెరిపినవాణ్ణి కాదు. ఇందులోనే ఉంది." తీగ సరిచేసి, పట్టీల మీదికి వంగి, అంచు పట్టుకుని లాగాడు. వయొలిన్ తీసేశాడు. టీవీలో చప్పుడు లేకుండా బొమ్మ కదిలింది. తమ్ముడు వీపు వెనక ముడి విప్పాడు, ఏప్రన్ దులిపాడు, స్విచ్ బాక్సుకి తగిలించాడు, సర్దాడు.

"ఆపండి" అన్నాడు తమ్ముడు. "అక్కడ ఆపండి."

మాస్టారు ఆపాడు. వాడు కుర్చీ జరుపుకుని లేచి టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అసలు సంగతి ఇంకా ముందుందని, ఆ చెయ్యి రావలసి ఉందని, వేస్తే గదిలో అందరూ చూస్తారని టైలరమ్మకి కాలు నిలవడం లేదు. "వెయ్యనియ్యరా, మిగతాది కూడా చూడనీ" అంది.

"వేద్దురుగాని అక్కా. తొందరేముంది?" వాడు వెనక్కి తిరగలేదు. "కాసేపు ఇక్కడే ఉండనీ."

టైలరమ్మ కూర్చుంది. పెద్దాయన ఆగాడు, గోడ వెంబడి ఆరుగురూ ఆగారు, మాస్టారి వేలు మౌస్ మీద ఆగింది. ఇకిలింపు కూడా నిలబడే ఉన్నాడు, తమ్ముడు చాలు అనేదాకా.